పేరుకు పొలిమేర

ఊరికి పొలిమేర ఉన్నది. చేనుకు గట్టు ఉన్నది. పేరుకు కూడ పొలిమేర ఉన్నదన్న సంగతి మాత్రం మనము సాధారణంగా గమనించము. ఇంటిలో "పెద్దవాడు" అంటే ఎవరో ఇంటిల్లిపాదికీ తెలుసును. అదే మాట వీధిలో నిలిచి అంటే "ఏ ఇంటి పెద్దవాడు?" అని అడుగుతారు. మనిషి మారలేదు, మాట మారలేదు. మాట చెల్లే ఎల్ల మాత్రం దాటిపోయినది.

విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో దీనికి చక్కని నిదర్శనం కనిపిస్తుంది. అక్కడ ఇనుమును కరిగించే మూడు బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. గోదావరి 1990లోను, కృష్ణ 1992లోను, అన్నపూర్ణ 2012లోను పనిలోకి వచ్చినవి. కర్మాగారం గోడల లోపల ఒకరు "గోదావరికి మరమ్మతు జరుగుతున్నది" అంటే విన్నవారెవరూ ధవళేశ్వరం ఆనకట్టను తలచుకోరు. గోడ దాటి బయటకు వచ్చిన మరుక్షణం ఆ పేరు తిరిగి నదిదే అవుతుంది. లోపలి పేరు బయటి పేరును తుడిచివేయదు; లోపల ఉన్నంతసేపు కప్పి ఉంచుతుంది.

కంప్యూటరుకు పని చెప్పే భాషలలో ఈ పొలిమేరకు "స్కోప్" అని పేరు. తెలుగులో "పరిధి" అనవచ్చును. ఒక పేరు ఎక్కడ మొదలై ఎక్కడి వరకు చెల్లుతుంది, ఒకే పేరు రెండు చోట్ల ఉంటే ఏది దేనిని సూచిస్తుంది అనే ఈ చిన్న ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం కుదరడానికి మేధావులకు అరవై ఏళ్లకు పైగా పట్టినది. నేడు మన ఇళ్లలోని పిల్లలు ఈ విద్య నేర్చుకొంటున్నారు. మన జీతాల లెక్కలు, బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు దీనిమీదనే నడుస్తున్నవి. కనుక ఆ చరిత్రను శ్రోతలు కొంత తెలుసుకొనుట ఉచితము.

ముందుగా మన ఊరి పేరునే తీసుకొందాము. "విశాఖపట్నం జిల్లా" అని ఒక పాత పుస్తకంలో చదివితే, అది ఏ సంవత్సరపు పుస్తకమో చూడకుండ అర్థము చెప్పరాదు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా దానినుండి వేరైనది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు మరికొంత భాగం పోయినది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడివడినవి. 2011 జనాభా లెక్కలలో 11,161 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము, 42 లక్షల 90 వేల పైచిలుకు జనము గల జిల్లా, అదే పేరుతో 2022 తరువాత 1,048 చదరపు కిలోమీటర్లకు తగ్గినది. అవే జనాభా లెక్కల ప్రకారం దాని జనము సుమారు 19న్నర లక్షలు. పేరు ఒక్కటే. ఆ పేరు కింద ఉన్న నేల వేరు. ఈ భేదము గమనించక రెండు పుస్తకాల అంకెలను పక్కపక్కన పెట్టి, జిల్లా జనాభా సగానికి పైగా తరిగిపోయినదని ఎవరైనా వ్యాసం వ్రాస్తే, లెక్కలో తప్పుండదు. ఫలితము మాత్రం పూర్తిగా అబద్ధము.

వాల్తేరు పేరు కథ కూడ ఇటువంటిదే. వాల్తేరు నగరంలో ఒక భాగము. 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అక్కడికి తరలివచ్చిన తరువాత ఆ పేరు విద్యావంతుల నోట చిరకాలము నిలిచినది. రైల్వేవారికి మాత్రం వాల్తేరు అంటే ఒక స్టేషను, ఒక డివిజను. 1987లో స్టేషను పేరు విశాఖపట్నం అయినది; డివిజను మాత్రం వాల్తేరుగానే మిగిలినది. దానిని కుదించి, విశాఖపట్నం డివిజనుగా పేరు మార్చుటకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. అంటే సుమారు నలభై ఏళ్లపాటు ఒకే ప్లాట్‌ఫారం మీద నిలిచిన మనిషి, ఏ కాగితం చూస్తున్నాడో దానినిబట్టి, విశాఖపట్నంలోను ఉన్నాడు, వాల్తేరులోను ఉన్నాడు.

మనుష్యులమైన మనము ఇటువంటి చోట సందర్భాన్నిబట్టి సర్దుకొంటాము. యంత్రానికి సర్దుకొనడం తెలియదు. దానికి సందర్భము కూడ సూత్రరూపంగా చెప్పవలసినదే.

కంప్యూటరు జ్ఞాపకశక్తిని వరుసగా అమర్చిన గళ్ల బీరువాగా ఊహించుకొనండి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె ఉంటుంది. గడికి మనము పెట్టుకొన్న పేరే చలరాశి. "మొత్తము" అని ఒక గడికి పేరు పెట్టి, అందులో సున్న వేసి, వచ్చిన అంకెలన్నీ దానికి కలుపుకొంటూ పోవచ్చును. ప్రోగ్రాము పెద్దదైనకొద్దీ ఇట్టి పేర్లు వేలకొలది అవుతవి. పలువురు కలిసి వ్రాసే ప్రోగ్రాములో ఒకరు పెట్టిన పేరు మరొకరు పెట్టకుండ ఉండడం అసంభవము.

ఓడరేవు లెక్కతో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ఓడకు మూడు సరకు గదులున్నవనుకొందాము. మొదటి గదిలో 400 టన్నులు, రెండవదానిలో 300, మూడవదానిలో 500. సరకు మొత్తము 1,200 టన్నులు కావాలి. ఓడ లెక్క వ్రాసే గుమాస్తా "మొత్తము" అనే గడిలో సున్న వేసికొని, ఒక్కొక్క గది లెక్క తెమ్మని తన సహాయకుని పంపుతాడు. సహాయకుడు కూడ "మొత్తము" అనే పేరే వాడి, గది మొదలుపెట్టగానే దానిని సున్న చేసి, బరువులు కూడి, వచ్చిన సంఖ్యను గుమాస్తాకు చెబుతాడు. ఇద్దరి "మొత్తము" వేరువేరు గడులైతే లెక్క సరిగా 1,200 వస్తుంది. ఇద్దరిదీ ఒకే గడి అయితే ఏమగును? మొదటి గది లెక్క పూర్తి అయ్యేసరికి ఆ గడిలో 400 ఉన్నది; గుమాస్తా దానికి సహాయకుడు చెప్పిన 400 కలిపితే 800. రెండవ గదికి సహాయకుడు మళ్లీ సున్న వేస్తాడు, 300 వస్తుంది, గుమాస్తా కలిపితే 600. మూడవ గదికి మళ్లీ సున్న, తరువాత 500, కలిపిన పిమ్మట 1,000. చివరకు ఓడలో 1,000 టన్నులున్నవని యంత్రము తొణకక బెణకక చెబుతుంది.

ఇందలి ప్రమాదమును గమనించండి. యంత్రము ఆగలేదు. తప్పు జరిగినట్లు సూచన లేదు. వచ్చిన సంఖ్య చూచుటకు నమ్మదగినదిగానే ఉన్నది. ఏ లక్ష టన్నులని చెప్పి ఉంటే ఎవరైనా అనుమానించేవారు. 1,200కు బదులు 1,000 అంటే సంతకము చేసి పంపివేస్తారు. పరిధిని గూర్చిన తప్పులు సాధారణంగా ఇట్లే నిశ్శబ్దంగా ఉంటవి. కనుకనే ఈ విషయము పండితుల వినోదము కాక, నిత్యవ్యవహారమైనది.

మాటకు ఎల్లలు గీచే ఆలోచన యంత్రాలతో పుట్టినది కాదు. మన దేశంలో పాణిని అష్టాధ్యాయిలో సుమారు 4,000 సూత్రాలున్నవి. వాటిని అంత క్లుప్తంగా చెప్పగలగడానికి ఆయన చేసిన ఏర్పాట్లలో అధికారము, అనువృత్తి ముఖ్యమైనవి. ఒక సూత్రంలో చెప్పిన మాట తరువాతి సూత్రాలలో మళ్లీ చెప్పకుండగనే వర్తిస్తుంది. ఎంతవరకు? ఆ అధికారము ముగిసేవరకు. ఉదాహరణకు అంగాధికారము ఆరవ అధ్యాయం నాలుగవ పాదంలో మొదలై ఏడవ అధ్యాయం చివరివరకు సాగుతుంది. అధికారాన్ని స్వరిత స్వరముతో గుర్తించాలని పాణిని నియమము. పరంపరగా వచ్చిన పాఠంలో ఆ స్వరచిహ్నాలు నిలువలేదు. అందుచేత ఏ మాట ఎక్కడివరకు సాగుతుందో వ్యాఖ్యాతల వలననే తెలుసుకొనవలసివచ్చినది. పొలిమేర రాయి పోతే కరణం సాక్ష్యమే గతి అన్నట్లయినది.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది మరొకటి ఉన్నది. ఎనిమిదవ అధ్యాయం రెండవ పాదం మొదలు గ్రంథాంతము వరకు గల మూడు పాదాలను త్రిపాది అంటారు. అక్కడ జరిగిన కార్యములు పూర్వమందున్న సూత్రాల దృష్టికి జరగనట్లే లెక్క. వెనుకటివి ముందరివారికి కనబడవు. నేటి ప్రోగ్రాములలో లోపలి గదివారు బయటి పేర్లను చూడగలరు, బయటివారు లోపలి పేర్లను చూడలేరు అనే నియమమున్నది. ఒకటి రెండవదానికి మూలమని నేననుట లేదు. రెండింటి ప్రయోజనాలు వేరు. చూపు ఒక దిక్కుకే సాగేటట్లు అడ్డుగోడ కట్టవలసిన అవసరము మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

ఐరోపాలో ఈ ఆలోచన తర్కశాస్త్రం నుండి వచ్చినది. జర్మనీలో గాట్లాబ్ ఫ్రేగె 1879లో ప్రచురించిన చిన్న గ్రంథంలో "ప్రతి", "ఏదో ఒక" వంటి మాటలు వాక్యంలో ఎంత భాగానికి వర్తిస్తవో గుర్తులతో నిర్ణయించే పద్ధతి చూపాడు. 1930 తరువాత అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో అలంజో చర్చ్ "లాంబ్డా" గణితమును నిర్మించాడు. అందులో చలరాశులు రెండు విధములు: బద్ధము, స్వేచ్ఛ. "1 మొదలు 10 వరకు గల ప్రతి సంఖ్య క యొక్క వర్గములను కూడుము" అంటే 385 వస్తుంది. క అనే అక్షరానికి బదులు మ అని వ్రాసినా 385 వస్తుంది. ఆ అక్షరము ఆ వాక్యానికి కట్టుబడినది. బయట దానికి ఉనికి లేదు. కాని ఆ వాక్యములోనే బయటినుండి వచ్చిన మరొక మ ఉంటే, క ను మ గా మార్చరాదు; మార్చితే రెండూ కలిసిపోతవి. ఈ కలిసిపోవడమే తరువాత యంత్రాల కాలంలో తలనొప్పి అయినది.

1949లో కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందము నిర్మించిన ఎడ్సాక్ యంత్రము పని ప్రారంభించినది. అప్పుడు గడులకు పేర్లు లేవు, సంఖ్యలే ఉండేవి. ఏ ఆదేశమైనా ఏ గడినైనా ముట్టవచ్చును. డేవిడ్ వీలర్ మొదలైనవారు పదేపదే చేయవలసిన పనులను ఉపక్రమాలుగా వ్రాసి, భాండాగారములో దాచి, కావలసినప్పుడు వాడుకొనే పద్ధతి నెలకొల్పారు. ఒకరు వ్రాసినదానిని మరొకరు వాడడం మొదలైన ఆ రోజుననే "ఈ గడి ఎవరిది?" అనే తగవు కూడ మొదలైనది.

ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందము 1957లో వెలువరించిన ఫోర్ట్రాన్ భాష గడులకు పేర్లు పెట్టుకొనే సౌకర్యమిచ్చినది. 1958లో దాని రెండవ రూపము వచ్చినప్పుడు ఉపక్రమాలను విడివిడిగా వ్రాసుకొనే వీలు కలిగినది. ఒక్కొక్క ఉపక్రమములోని పేర్లు దానివే. మన గుమాస్తా, సహాయకుల తగవు ఇక్కడితో తీరినది. అయితే కొన్ని గడులు అందరికీ కావలసివస్తవి కదా? వాటికొరకు "కామన్" అని ఉమ్మడి ఆస్తి ఏర్పాటు చేశారు. ఈ ఉమ్మడిలో విశేషమేమంటే, గడులు పేరునుబట్టి కాక వరుసనుబట్టి గుర్తింపబడేవి. ఒక ఉపక్రమము మూడవ గడిని "వేగము" అని పిలిస్తే, మరొకటి అదే మూడవ గడిని "బరువు" అని పిలువవచ్చును. వరుసలో ఒక్క గడి తప్పితే అందరి లెక్కలూ ఒక్క మెట్టు జరిగిపోయేవి.

అసలైన పొలిమేర రాళ్లు 1960లో పాతబడినవి. ఆ సంవత్సరము జనవరిలో ఐరోపా, అమెరికాల నుండి 13 మంది పారిస్‌లో సమావేశమై ఒక సార్వజనీన భాషను రూపొందించారు. దాని పేరు ఆల్గాల్ 60. డెన్మార్కుకు చెందిన పీటర్ నౌర్ సంపాదకత్వాన దాని నివేదిక అదే ఏడు మే నెలలో ప్రచురితమైనది. అందులో "బిగిన్" అనే మాటతో మొదలై "ఎండ్" అనే మాటతో ముగిసే భాగమును బ్లాకు అన్నారు. బ్లాకు ఆరంభంలో ప్రకటించిన పేరు ఆ బ్లాకు లోపలనే చెల్లుతుంది. బ్లాకులో బ్లాకు, దానిలో మరొక బ్లాకు ఉండవచ్చును. లోపలివాడు ముందు తన గదిలో వెదకుతాడు. లేకపోతే దాని బయటి గదిలో, అక్కడా లేకపోతే ఇంకా బయట. లోపల అదే పేరు మళ్లీ ప్రకటిస్తే, బయటిది ఆ మేరకు మరుగున పడుతుంది. ఇదే మన ఉక్కు కర్మాగారంలోని గోదావరి.

ఆల్గాల్ మరొక సూక్ష్మ భేదమును కూడ చూపినది. పేరు చెల్లే చోటు వేరు. గడి బ్రతికే కాలము వేరు. బ్లాకు ముగిసినప్పుడు లోపలి గడిలోని విలువ నశిస్తుంది. తిరిగి ప్రవేశించినప్పుడు కొత్తగా మొదలు. కాని "ఓన్" అని ప్రత్యేకంగా ప్రకటించిన గడి, బ్లాకు బయట కనబడకపోయినా, తన విలువను నిలుపుకొని ఉంటుంది. సెలవులలో తాళం వేసిన ఇంటివంటిది అది. మనకు లోపలికి ప్రవేశము లేదు; లోపలి సామాను ఎక్కడిదక్కడే ఉన్నది.

కాగితము మీద నియమము చెప్పడం ఒకటి, యంత్రము చేత చేయించడం మరొకటి. ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, యాప్ జోన్నెవెల్డ్ కలిసి 1960 ఆగస్టు నాటికే ఎక్స్-1 అనే యంత్రానికి ఆల్గాల్ అనువాదకమును సిద్ధము చేశారు. బ్లాకులోకి ప్రవేశించినప్పుడు దాని గడులను దొంతరపైన పెట్టడం, వెలుపలికి వచ్చినప్పుడు తీసివేయడం వారు అనుసరించిన కిటుకు. విందులో విస్తళ్లు దొంతరగా పెట్టి పైనుంచి తీసినట్లే. చివర పెట్టినది ముందు పోతుంది. నేటికీ అధిక భాషలు నడిచేది ఈ దొంతర మీదనే.

ఇంతలో అట్లాంటిక్ అవతల మరొక కథ నడుస్తున్నది. పారిస్ సమావేశంలో కూర్చున్నవారిలో ఒకరైన జాన్ మెకార్తీ, 1958 నుండి మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో లిస్ప్ అనే భాషను నిర్మిస్తున్నాడు. ఈ భాషలో ఒక క్రియను మరొక క్రియకు అంకెవలెనే చేతికి అందివ్వవచ్చును. ఇక్కడ ఒక చిక్కు బయటపడినది. అందించిన క్రియలో దాని సొంతము కాని పేరు ఉంటే, ఆ పేరుకు అర్థమెక్కడ వెదకాలి? ఆ క్రియ వ్రాయబడిన చోటనా, లేక అది పని చేస్తున్న చోటనా?

మళ్లీ గోదావరినే తలచుకొందాము. రాజమహేంద్రవరంలో ఒకాయన "గోదావరి ఎట్లున్నదో చూచి తెలియజేయవలెను" అని చీటీ వ్రాసి పంపినాడు. ఆ చీటీ ఉక్కు కర్మాగారంలోని ఉద్యోగి చేతిలో పడినది. వ్రాసిన చోటునుబట్టి అర్థము చెబితే నది. చదివిన చోటునుబట్టి చెబితే ఫర్నేసు. మొదటిదానిని లెక్సికల్ పరిధి, అంటే వ్రాతనుబట్టి పరిధి అంటారు. రెండవదానిని డైనమిక్ పరిధి, అంటే నడకనుబట్టి పరిధి అంటారు. తొలినాటి లిస్ప్ నడకనుబట్టి అర్థము చెప్పేది. అదట్లు చేయుట ఎవరో ఆలోచించి నిర్ణయించినది కాదు; యంత్రములో అమర్చిన తీరునుబట్టి అట్లు జరిగినది. జేమ్స్ స్లేగిల్ వ్రాసిన ఒక ప్రోగ్రాములో తప్పు జవాబు వచ్చినప్పుడు ఈ సంగతి తెలిసినది. మెకార్తీ మొదట దీనిని చిల్లర లోపముగానే భావించినట్లు, స్టీవ్ రస్సెల్ సరిచేయగలడని నమ్మినట్లు తరువాత లిస్ప్ చరిత్ర చెబుతూ పేర్కొన్నాడు. రస్సెల్ "ఫున్‌ఆర్గ్" అనే ఉపాయముతో సరిచేశాడు. చీటీ వెంట "ఇందులో గోదావరి అనగా ఫలానా" అని వివరపు కాగితము జతచేసి పంపడమే ఆ ఉపాయము. 1964లో ఇంగ్లండుకు చెందిన పీటర్ లాండిన్ ఈ జంటకు "క్లోజర్" అని నామకరణము చేశాడు.

మెకార్తీ పేరు రాగానే మన తెలుగువారొకరిని స్మరింపక తప్పదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డిగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా వెళ్లి, పిమ్మట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆ మెకార్తీ వద్దనే పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందారు. లోకము ఆయనను రాజ్ రెడ్డి అని ఎరుగును. మానవుని పలుకును యంత్రానికి తెలియజేయడంలో ఆయన చేసిన కృషి జగద్విదితము. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారమందుకొన్నారు. ఆసియా సంతతివారిలో అది పొందిన మొదటివారు ఆయనే. పరిధి సమస్య ఆయన పరిశోధన విషయము కాకపోయినా, ఆ సమస్య పుట్టి పెరిగిన గురుకులములోనే ఆయన విద్య నేర్చారు.

లిస్ప్ కుటుంబములో ఈ తగవు తీరుటకు మరి పదిహేనేళ్లు పట్టినది. 1975లో జెరాల్డ్ సస్మన్, గై స్టీల్ అనే ఇద్దరు మసాచుసెట్స్‌లో స్కీమ్ అనే భాషను రూపొందించి, వ్రాతనుబట్టి పరిధి అనే నియమమును మొదటినుండి చివరివరకు పాటించి చూపారు. 1984లో వెలువడిన కామన్ లిస్ప్ కూడ దానినే సాధారణ నియమముగా స్వీకరించినది. నడకనుబట్టి అర్థము చెప్పే పద్ధతికి ఉపయోగమే లేదనరాదు. ఒక పనికి మాత్రమే తాత్కాలికంగా ఒక ఏర్పాటు మార్చి, పని కాగానే పూర్వస్థితికి తేవలసిన చోట అది సుఖము. ప్రోగ్రాము వ్రాసినవాడు కాగితము చూచి అర్థము నిర్ణయించుకొనగలగడమే ఎక్కువ క్షేమమని మాత్రం అనుభవము తేల్చినది.

ఇక ఏ గదికీ చెందక అందరి కంటికీ కనబడే పేర్లున్నవి. వాటిని గ్లోబల్ చలరాశులంటారు. 1973లో విలియం వుల్ఫ్, మేరీ షా అనే ఇద్దరు ఇవి హానికరములని ఒక వ్యాసం ప్రకటించారు. వారు పని చేసినది రాజ్ రెడ్డిగారు 1969లో చేరిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే. ఆక్షేపణ సులభముగానే బోధపడుతుంది. అందరూ ముట్టగల గడిలో తప్పు విలువ కనబడితే, దానిని ఎవరు మార్చారో తెలుసుకొనుటకు ప్రోగ్రామంతా గాలించవలసివస్తుంది.

రేడియో వినేవారికి దీనిని మరొక విధముగా చెప్పవచ్చును. మీడియం వేవులో ఒకే ఫ్రీక్వెన్సీని దూరదూరముగా ఉన్న స్టేషన్లకు కేటాయించడం కద్దు. పగటివేళ నేలను అంటి సాగే తరంగము కొంత దూరానికే క్షీణిస్తుంది కనుక ఎవరి స్టేషను వారికి స్పష్టముగా వినబడుతుంది. రాత్రి అయనోస్ఫియరు నుండి పరావర్తనము చెంది తరంగాలు వందలాది మైళ్లు పోతవి; అప్పుడు మన స్టేషను పాటలో పరాయి స్టేషను మాటలు కలుస్తవి. తరంగానికి ఎల్ల ఉన్నంతసేపు ఒకే సంఖ్యను పలువురు వాడుకొన్నారు. ఎల్ల చెరిగిపోగానే ఇద్దరికీ నష్టము కలిగినది. పేర్ల సంగతి కూడ అంతే.

దీనికి మరొక పరిష్కారము మన ఓడరేవులోనే ఉన్నది. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు లోపలి భాగంలో తూర్పు వైపు ఒకటవ బెర్తు, పడమటి వైపు ఒకటవ బెర్తు ఉన్నవి. ఉత్త ఒకటవ నంబరు అంటే చాలదు. ఈస్ట్ క్వే ఒకటి, వెస్ట్ క్వే ఒకటి అని చెప్పాలి. పెద్ద ప్రోగ్రాములను విభాగాలుగా చేసి, విభాగము పేరును ముందుంచి లోపలి పేరును పిలిచే పద్ధతి ఇదే. మనకు ఇంటిపేర్లుండడం కూడ ఇందుకే.

ఇన్ని సంగతులు తెలిసిన తరువాత కూడ కొత్త భాషలు పాత తప్పులను తప్పించుకొనలేదు. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల గడువులో జావాస్క్రిప్ట్ భాష మొదటి రూపము తయారు చేశాడు. అందులో లోపలి కుండలీకరణాలలో ప్రకటించిన పేరు కూడ ఆ క్రియ అంతటికీ వర్తించేది. ప్రకటించడం మరచి విలువ వేస్తే ఆ పేరు లోకానికంతటికీ తెలిసిపోయేది. బ్లాకుకు కట్టుబడే "లెట్", "కాన్‌స్ట్" ప్రకటనలు దానికి 2015లో గాని రాలేదు. నేడు మన పాఠశాలలలో, కళాశాలలలో విరివిగా నేర్పుతున్న పైథాన్ భాషలో, క్రియ లోపలి క్రియకు తన వెలుపలి క్రియలోని పేర్లు 2001 వరకు కనబడేవి కావు. కనబడిన తరువాత కూడ, వాటిని లోపలినుండి మార్చుటకు "నాన్‌లోకల్" అనే మాట 2008 డిసెంబరులో వచ్చినది.

ఇటీవలి ఒక సంఘటనతో దీని తీవ్రత తెలియగలదు. ఇంటర్నెట్టులో మనము చూచే సంస్థ నిజముగా ఆ సంస్థయేనా అని ధ్రువపరచే పత్రాలు జారీ చేసే లాభాపేక్ష లేని సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్. ఒక్కొక్క దరఖాస్తులో పలు చిరునామాలుండవచ్చును. ఆ చిరునామా యజమాని తన పేర పత్రమిచ్చే అధికారము ఎవరికిచ్చినాడో, పత్రమిచ్చేముందు ఒక్కొక్కదానికి సరిచూడాలి. గో అనే భాషలో వ్రాసిన వారి ప్రోగ్రాము కొన్ని సందర్భాలలో పది చిరునామాలుంటే ఒకే చిరునామాను పదిసార్లు సరిచూచినది. కారణము పరిధియే. చిరునామాలను ఒక్కొక్కటిగా తీసుకొనే ఆవృత్తిలో "ప్రస్తుత చిరునామా" అనే గడి అన్ని చుట్లకూ ఒక్కటే. ప్రతి చుట్టులోను చిరునామాను వ్రాసి ఇవ్వడానికి బదులు "ఆ గడిలో చూచుకో" అని గుర్తు వ్రాసి పెట్టితే, తరువాత చూచేసరికి అన్ని గుర్తులూ ఒకే చిరునామాను చూపినవి. 2020 ఫిబ్రవరి 29న ఈ లోపము బయటపడినది. అప్పటికి చెల్లుబాటులో ఉన్న 30 లక్షల 48 వేల పైచిలుకు పత్రాలు దీనివలన సందేహాస్పదమైనవి. కొద్ది రోజులలో సుమారు 17 లక్షల పత్రాలను రద్దు చేశారు. ఇట్టి తప్పులు తరచుగా జరుగుచుండుట చూచి, గో భాషవారు 2024 ఫిబ్రవరిలో నియమమునే మార్చి, చుట్టుకొక కొత్త గడి ఏర్పాటు చేశారు.

1960లో పారిస్‌లో 13 మంది తర్కించిన విషయము 2024లో కూడ సవరణ పొందినదంటే, అది ఎంత లోతైనదో ఊహించవచ్చును. ఈ విద్య నేర్చుకొంటున్న మన యువకులు చేయవలసినది మూడు మాటలలో చెప్పవచ్చును. పేరుకు అవసరమైనంత మేరకే పరిధి ఇవ్వాలి. అందరికీ కనబడే పేర్లు వీలైనన్ని తక్కువ ఉండాలి. ఇతరులు వ్రాసిన పేరు కంటబడినప్పుడు, "ఇది ఎక్కడ ప్రకటింపబడినది?" అని వెనుకకు వెళ్లి చూచుకొన్న తరువాతనే దానిని ముట్టాలి.

ఈ మూడవ అలవాటు కంప్యూటరు ఎరుగనివారికి కూడ పనికివచ్చేదే. "విశాఖపట్నం జిల్లాలో ఇంత పంట, ఇంత జనము" అని ఒక అంకె కంటబడినప్పుడు, అది 1950కి ముందుదా, 1979కి ముందుదా, 2022 తరువాతిదా అని చూచుకొనేవాడు మోసపోడు. అంకె ఎవరైనా ఇవ్వగలరు. అది ఏ పొలిమేర లోపలిదో అడిగి తెలుసుకొనే బాధ్యత మనది.